ఇంజను ఆగట్లేదండీ!

ఈ మధ్య మా నంద్యాల వైపు కార్లున్నవాళ్ళ దగ్గర ఓ కొత్తరకం కంప్లయింటు వింటున్నాను. బండి స్టార్టు కావట్లేదని కాదు, బండి ఆగట్లేదని! బ్రేకు వెయ్యకపోవడం సంగతి కాదు లెండి, ఇంజను ఆగకపోవడం సంగతి. ఇప్పుడొస్తున్న చాలా కార్లలో సిగ్నల్ దగ్గరో రైలు గేటు దగ్గరో నిలబడగానే ఇంజను దానంతటదే ఆగిపోయి, క్లచ్చి తొక్కగానే (ఆటోమేటిక్ అయితే బ్రేకు మీంచి కాలు తీయగానే) మళ్ళీ లేచే ఏర్పాటు ఒకటుంటుంది కదా. కొన్న కొత్తలో మూణ్ణెల్లు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తర్వాత ఒకరోజు మానేస్తుంది. డాష్‌బోర్డు మీద 'ఎ' అన్న అక్షరం మీద అడ్డగీత ఒకటి వెలుగుతుంది. దాంతో మొదలవుతుంది గ్యారేజీల చుట్టూ ప్రదక్షిణం.

మా తాతల కాలంలో బండి లేస్తే చాలనుకునేవాళ్ళు. అక్కణ్ణుంచి, ఆగకపోతే కంప్లయింటు ఇచ్చే దాకా వచ్చాం. ఈ మధ్యలో వందేళ్ళ కథ ఉంది. ఆ కథ తెలిస్తే ఆ అడ్డగీత ఎందుకు వెలుగుతుందో దాదాపు తెలిసిపోతుంది. నేను పొద్దస్తమానం కోడు రాసుకు బతికేవాణ్ణి కాబట్టి నాకది ఇలా కనిపిస్తుంది: పాత ప్రోగ్రామ్ ఏదైనా తెరిచి చూడండి, నిండా 'ఇలా అయితే చెయ్యకు, అలా అయితే చెయ్యకు' అన్న షరతులే ఉంటాయి. ఒక్కో షరతు వెనకా ఎప్పుడో ఎవరో పడ్డ బాధ ఉంటుంది. ఈ స్టార్ట్-స్టాప్ కూడా అంతే. ఇంజను ఆపే ముందు అది పదో పదిహేనో షరతులు చూసుకుంటుంది. అందులో ఒక్కటి కుదరకపోయినా ఆపదు. అంటే అది పాడవలేదు, వద్దనుకుంది. ఈ రెంటికీ తేడా తెలియక మనవాళ్ళు ఎన్ని వేలు పోసుకుంటున్నారో.

మొదట హ్యాండిల్ కాలం. ఇంజను ముందు భాగంలో ఓ రంధ్రం, అందులో వంకర ఇనప కడ్డీ దూర్చి బలంగా తిప్పితే ఇంజను లేచేది. పాత పెట్రోలు లారీలకి ఈ పని క్లీనరుది. స్పార్క్ కొంచెం ముందుగా పడిందా, ఇంజను ఎదురు తిరిగి కడ్డీ వెనక్కి కొట్టేది. అందుకే హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచమని నేర్పేవాళ్ళు. చుట్టూ బిగించి పట్టుకుంటే వేలో, మణికట్టో, ఒక్కోసారి దవడో విరగడం ఖాయం. అమెరికాలో బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారుకి ఇలాగే హ్యాండిల్ తగిలి, ఆ దెబ్బతోనే తర్వాత ప్రాణం పోయిందనీ, అతని స్నేహితుడైన కాడిలాక్ యజమాని హెన్రీ లీలాండ్ ఆ బాధతోనే కరెంటుతో స్టార్టయ్యే బండి కావాలని పట్టుబట్టాడనీ ఒక కథ చెప్తారు. కథలో కొంత మసాలా ఉండొచ్చు గానీ, చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టరు 1912 మోడల్ కాడిలాక్‌లో వచ్చిన మాట నిజం.

ఇప్పటి కార్లో బానెట్ సరిగ్గా మూసుకోలేదని అనిపిస్తే స్టార్ట్-స్టాప్ పనిచెయ్యదు. ఎందుకో తెలిసిందా? మెకానిక్ చెయ్యి లోపల పెట్టినప్పుడు ఇంజను దానంతటదే లేస్తే ఏమవుతుంది? హ్యాండిల్ కొట్టిన దవడకీ ఈ షరతుకీ చుట్టరికం ఉందన్నమాట. డోరు తీసి ఉన్నా, సీటు బెల్టు పెట్టుకోకపోయినా, గేరులో ఉన్నా అది మొరాయించేది కూడా ఇందుకే. డ్రైవరు లేని బండి, లేదా గేరులో ఉన్న బండి, తనంతట తాను లేవకూడదు.

సెల్ఫ్ వచ్చినంత మాత్రాన మన దగ్గర అందరూ దాన్ని నమ్మారనుకోకండి. అంబాసిడర్‌కి సెల్ఫ్ ఉన్నా చాలా కాలం హ్యాండిల్ కూడా ఇచ్చేవాళ్ళు. ఇక లారీల సంగతి వేరు. 1954లో టాటా వాళ్ళు మెర్సిడెస్ వాళ్ళతో కలిసి జంషెడ్‌పూర్లో డీజిల్ లారీలు మొదలుపెట్టారు. క్రమంగా మన రోడ్ల మీద లారీ అంటే డీజిలే అయింది. డీజిల్ ఇంజనులో గాలిని అణిచే ఒత్తిడి పెట్రోలు దానికన్నా చాలా ఎక్కువ. అంత పెద్ద ఇంజనుని హ్యాండిల్‌తో తిప్పడం మనిషి వల్ల అయ్యే పని కాదు. బ్యాటరీ బాగుంటే లేస్తుంది, లేకపోతే పదిమంది నెట్టాలి. పదిమంది దొరకని చోట? అందుకని టీ తాగడానికి ఆగినా, భోజనానికి ఆగినా ఇంజను ఆపకుండా వదిలేసే అలవాటు పుట్టింది. పొద్దున్నే స్టార్టు కావాలని రాత్రి బండిని ఏటవాలులో, ముక్కు కిందికి ఉండేలా పెట్టుకోవడం కూడా ఆ కాలపు తెలివే. 'ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో' అన్న భయం మన డ్రైవర్లకి రెండు మూడు తరాలు నరాల్లో ఉంది. (సినిమావాళ్ళు మా ప్రాంతాన్ని చూపించినప్పుడల్లా తెల్ల సుమోలు వరసగా ఇంజను ఆపకుండా నిలబడి ఉండటం చూస్తుంటే, వాళ్ళకు తెలియకుండానే ఒక్క వాస్తవం మాత్రం చూపించారనిపిస్తుంది. గాల్లోకి లేవడం మాత్రం వాళ్ళ సొంత కవిత్వం.)

చిత్రమేంటంటే అదే డ్రైవర్లు, ఇంజను ఆపకూడని చోట మాత్రం ఆపేవాళ్ళు. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్ళే దారి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గాజులపల్లె దాటగానే నల్లమల మొదలవుతుంది, ఘాటు ఎక్కి అటు దిగువమెట్ట వైపు దిగాలి. దిగేటప్పుడు గేరు న్యూట్రల్ చేసి, ఇంజను కట్టేసి, బండిని అలా జారనిచ్చి డీజిల్ మిగిల్చే ఘనులు ఉండేవాళ్ళు. మిగిలిన డీజిల్ ఎవరి జేబులోకి వెళ్ళేదో అది వేరే కథ.

అందులో రెండు తప్పులున్నాయి. లారీకుండేది గాలి బ్రేకు. ఆ గాలిని పంపు చేసే కంప్రెసరు ఇంజనుతో తిరుగుతుంది. ఇంజను ఆపేసి మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ పోతే ట్యాంకులో గాలి అయిపోతుంది. కారుకైతే వాక్యూమ్ బూస్టరు. ఇంజను ఆగాక రెండు మూడు తొక్కులకి సరిపడా వాక్యూమ్ మిగిలి ఉంటుంది, ఆ తర్వాత పెడలు బండరాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగుంటే అదీ బరువెక్కుతుంది. తాళం చెవి పూర్తిగా వెనక్కి తిప్పి లాగేసిన పాత బండి అయితే స్టీరింగు లాకే పడుతుంది. ఇక రెండో తప్పు లెక్కకి సంబంధించింది. గేరులో ఉంచి, యాక్సిలరేటర్ వదిలేసి దిగుతున్నప్పుడు ఇంజనుకు డీజిలు అసలు వెళ్ళదు. పాత పంపులో గవర్నరే దాన్ని కట్టేస్తుంది, కొత్త బండ్లలో కంప్యూటరు ఇంజెక్టర్లను మూసేస్తుంది. బండి బరువే ఇంజనుని తిప్పుతూ ఉంటుంది. అంటే నిటారు ఘాటులో ఇంజను ఆపి మిగిల్చేది సున్నా. సున్నా కోసం ప్రాణాలు పణం పెట్టారు.

ఇప్పటి స్టార్ట్-స్టాప్ షరతుల్లో రెండు నేరుగా ఈ ఘాటు రోడ్డు మీంచి వచ్చినట్టే ఉంటాయి. ఒకటి, బ్రేకు బూస్టర్లో వాక్యూమ్ తగ్గితే ఇంజను ఆపదు. ఆపి ఉంటే, మీరు అడక్కపోయినా లేపేస్తుంది. ట్రాఫిక్‌లో నిలబడి ఊరికే బ్రేకు పెడలుని నాలుగైదు సార్లు నొక్కి చూడండి, ఇంజను ఉలిక్కిపడి లేస్తుంది. దాన్ని చూసి 'ఏదో షార్ట్ అయింది' అని మెకానిక్ దగ్గరికి పరిగెత్తినవాళ్ళున్నారు. రెండోది, బాగా ఏటవాలుగా ఉన్న చోట నిలబడితే చాలా బండ్లు ఇంజను ఆపవు. ఎగువ అహోబిలం పోయే దారిలో మలుపు దగ్గర బస్సుకు దారిచ్చి ఆగినప్పుడు మీ ఇంజను ఆగలేదంటే అది దాని వివేకం.

మరి దీన్ని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన ఎప్పుడొచ్చింది? 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు నూనె కుళాయి బిగించాక. 1974లో టొయోటా వాళ్ళు క్రౌన్ కారులో, నిలబడితే ఇంజనుని ఆపే పరికరం పెట్టారు. టోక్యో ట్రాఫిక్‌లో పదోవంతు దాకా పెట్రోలు కలిసొచ్చిందని చెప్పుకున్నారు. 1980ల్లో యూరపులో ఫియట్ రెగాటాలో, ఫోక్స్‌వాగన్ పోలోలో పెట్టి చూశారు, తర్వాత 1990ల్లో గోల్ఫ్ ఎకోమాటిక్. జనం పట్టించుకోలేదు. ప్రతి సిగ్నల్ దగ్గరా చచ్చి బతికే బండి ఎవరికి కావాలి? అదీగాక మామూలు స్టార్టరుని, మామూలు బ్యాటరీని రోజుకి యాభైసార్లు వాడితే అవి ఎన్నాళ్ళు ఉంటాయి?

మన దగ్గర అదే పని మనుషులతో చేయించాలని చూశారు. 1978లో కేంద్రం పీసీఆర్‌ఏ అనే సంస్థ పెట్టి, ఎర్రలైటు దగ్గర ఇంజను ఆపండి నాయనా అని చెప్పించడం మొదలుపెట్టింది. పోస్టర్లు చూసి ఇంజను ఆపినవాణ్ణి నేనైతే పెద్దగా చూళ్ళేదు. మన ఆర్టీసీ మాత్రం ఈ విషయంలో గట్టిది. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెస్తున్నాడో డ్రైవరు వారీగా లెక్క కట్టి డిపోలో పెట్టే పద్ధతి అక్కడ ఉంది. 'కేఎంపీఎల్' అన్న మాట ఆర్టీసీ డ్రైవర్ల ఇళ్ళల్లో పిల్లలక్కూడా తెలుసు. పోస్టరు చెయ్యలేని పని, నోటీసు బోర్డు మీద పేరు పక్కన అంకె చేసింది. స్టార్ట్-స్టాప్‌కి అసలు అన్నయ్య అదేనని నా అభిప్రాయం.

యంత్రం మళ్ళీ తలెత్తింది 2000ల్లో. 2004లో సిట్రోయెన్ సీ3, 2007 నుంచి బీఎండబ్ల్యూ. ఈసారి స్టార్టరు మార్చారు, బ్యాటరీ మార్చారు, మధ్యలో కంప్యూటరుని కూర్చోబెట్టారు. మనకి ఆ దశాబ్దం చివర్లో మహీంద్రా వాళ్ళు స్కార్పియో, బొలెరోల్లో 'మైక్రో హైబ్రిడ్' పేరుతో తెచ్చారు. రాయలసీమలో బొలెరో అంటే ఏంటో చెప్పక్కర్లేదు కదా. 2014లో హీరో వాళ్ళు స్ప్లెండర్ ఐస్మార్ట్‌లో పెట్టారు: న్యూట్రల్లో ఐదు సెకన్లు నిలబడితే ఆగుతుంది, క్లచ్చి పట్టుకుంటే లేస్తుంది. కార్ల గురించి ఎంత మాట్లాడుకున్నా, ఆళ్ళగడ్డ బజారులో ఈ టెక్నాలజీని జనానికి అలవాటు చేసింది మోటార్‌సైకిలే. 2015లో మారుతి సియాజ్ 'ఎస్‌హెచ్‌వీఎస్' వచ్చింది. అప్పట్లో కేంద్రం 'ఫేమ్' పథకం కింద వీటికి సబ్సిడీ కూడా ఇచ్చి, 2017 ఏప్రిల్ నుంచి మైల్డ్ హైబ్రిడ్లకి తీసేసింది. అయినా కంపెనీలు మానలేదు. కారణం, ఒక కంపెనీ అమ్మే కార్లన్నీ సగటున ఇంతకు మించి పొగ వదలకూడదన్న కేంద్ర నిబంధనల లెక్కలో స్టార్ట్-స్టాప్ ఉన్న బండికి కాస్త మార్కులు కలుస్తాయి. మైలేజీ పరీక్షలో బండిని నిలబెట్టి ఉంచే సమయం కూడా ఉంటుంది, అక్కడా లాభమే.

ఇక్కడే నాకు పేచీ. పరీక్ష జరిగేది లాబొరేటరీలో. మనం నడిపేది నంద్యాలలో.

ఏసీ సంగతే తీసుకోండి. ఇంజను ఆగితే మామూలు కార్లలో ఏసీ కంప్రెసరు ఆగుతుంది. కారు లోపల మీరడిగిన చల్లదనం రాకపోతే కంప్యూటరు ఇంజనుని ఆపనివ్వదు. ఆపినా అరనిమిషంలో లేపుతుంది. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టుంటుంది. అందులో కూర్చుని ఏసీని 20లో పెట్టి, గాంధీ చౌకు దాకా పోయి, 'స్టార్ట్-స్టాప్ పనిచెయ్యట్లేదు' అంటే పాపం అదేం చేస్తుంది? మార్చిలో మానేసి జూలైలో మళ్ళీ మొదలుపెట్టిందంటే దానికి రోగం లేదు, దానికి ఎండ తెలుసు.

అసలు దెబ్బ తినేది బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఓ మోటు లెక్క ఉంది. బయట 45 ఉంటే బానెట్ కింద ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. స్టార్ట్-స్టాప్ బండికి మామూలు బ్యాటరీ పనికిరాదు. మామూలు దాంట్లో ప్లేట్ల మీది పూత, మాటిమాటికీ ఖాళీ అవుతూ నిండుతూ ఉంటే రాలిపోతుంది. ఈఎఫ్‌బీ రకంలో ఆ పూత రాలకుండా సన్నటి పొర చుడతారు. ఏజీఎంలో గాజు పీచు చాపల మధ్య బిగిస్తారు. ఏజీఎం గట్టిదే గానీ వేడికి దానికి ఓపిక తక్కువ. అందుకే ఖరీదైన కార్లలో దాన్ని చాలావరకు డిక్కీలో పెడతారు, బానెట్ కింద పెట్టేవాటికి ఎక్కువగా ఈఎఫ్‌బీ. బండితో ఏది వచ్చిందో మళ్ళీ అదే రకం వెయ్యాలి, అంతే.

అన్నట్టు, నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా పోయే నలభయ్యో నంబరు జాతీయ రహదారి పట్టుకుని కిందికి పోతే కడప, పీలేరు మీదుగా చిత్తూరు వస్తుంది. ఆ చిత్తూరు సీమ బ్యాటరీల సీమ. 1985లో గల్లా రామచంద్ర నాయుడు మొదలుపెట్టిన అమర రాజా, తిరుపతి పక్క కరకంబాడిలో పెరిగి 2000లో 'అమరాన్' పేరుతో కార్ల బ్యాటరీల్లోకి దిగింది. దేశమంతా స్టార్టవుతున్న కార్లలో బోలెడన్ని మన సీమ బ్యాటరీతోనే లేస్తున్నాయి. ఇంత దగ్గరుండీ, 'ఏ బ్యాటరీ అయితే ఏముందిలే, పన్నెండు వోల్టులే కదా' అనే మాట మన దగ్గరే ఎక్కువ వినబడుతుంది.

ఆళ్ళగడ్డలో మా బావ ఒకాయన ఉన్నాడు. బండి కొన్న మూడో ఏట ఆయన కారు ఆగడం మానేసింది. ఊళ్ళో ఒక షాపువాళ్ళు బ్యాటరీ పోయిందని కొత్తది వేశారు, మామూలుది, మూడు వేలు తక్కువని. నాలుగు నెలలకి అదీ నీరసించింది. మళ్ళీ ఇంకో చోట వోల్టు మీటరు పెట్టి చూసి 12.8 వస్తోంది, ఆల్టర్నేటరు పోయింది అన్నారు. ఫోను చేసి, "ఏమప్పా, కంప్యూటరు చదువులు చదివినోడివి, ఇది నిలబడితే ఆగల్ల గదా, ఆగడమే లేదే!" అని నామీద పడ్డాడు.

ఆల్టర్నేటరు పోలేదు. పాత బండిలో ఇంజను తిరుగుతుంటే 14 వోల్టుల పైచిలుకు కనిపించాలి, నిజమే. కొత్త బండ్లలో కంప్యూటరే ఆల్టర్నేటరుని నడుపుతుంది. బ్యాటరీ నిండుగా ఉందనుకుంటే దాన్ని దించేస్తుంది, బ్రేకు వేసినప్పుడు పెంచుతుంది. ఒక్క క్షణం చూసి తీర్పు చెప్పకూడదు. హెడ్‌లైట్లు, ఏసీ వేసి, బండిని కాస్త దూరం నడిపి చూడాలి. ఆయన బండిలో అసలు గొడవ ఇంకోచోట ఉంది. ఇలాంటి కార్లలో బ్యాటరీ నెగటివ్ తీగ మొదట్లో చిన్న సెన్సరు ఉంటుంది. ఎంత కరెంటు లోపలికి వెళ్ళింది, ఎంత బయటికి వచ్చింది అని పద్దు రాసే గుమాస్తా అది. బావ పెట్టించుకున్న బాసు స్పీకర్ల యాంప్లిఫయరు నెగటివ్ తీగని తెచ్చి నేరుగా బ్యాటరీ టెర్మినల్‌కే బిగించారు. అంటే గుమాస్తాకి కనిపించకుండా వెనక గుమ్మంలోంచి ధాన్యం పోతోంది. పద్దులో నిండుగా ఉంటుంది, గాదెలో ఉండదు. రాత్రికి రాత్రి లెక్క సరిచూసుకున్నప్పుడల్లా దానికి అనుమానం వచ్చి, ఇంజను ఆపడం మానేసింది. ఆ తీగని సెన్సరు అవతల, బాడీకి బిగించి, సరైన రకం బ్యాటరీ వేసి, కొత్త బ్యాటరీ వేశామని స్కానరుతో కంప్యూటరుకి చెప్పించాక, ఓ రాత్రంతా తాళం వేసి కదపకుండా వదిలెయ్యమన్నాను. సెన్సరు మళ్ళీ లెక్క మొదలుపెట్టాలంటే కొన్ని గంటలు బండి నిద్రపోవాలి. మూడో రోజుకి అడ్డగీత పోయింది.

కాబట్టి మీ బండిలో ఇది వస్తే డబ్బు ఖర్చు లేని వాటితో మొదలుపెట్టండి. బటన్ నొక్కి మీరే ఆపేశారేమో చూడండి, పిల్లలు నొక్కుతారు. ఇంజను వేడెక్కే దాకా, అంటే ఓ నాలుగైదు కిలోమీటర్లు నడపండి. బెల్టు, డోరు, బానెట్. బానెట్ స్విచ్చి మట్టి పట్టినా, ఎలుక తీగ కొరికినా మూసినా తెరిచినట్టే లెక్క. తర్వాత క్లచ్చి స్విచ్చి, బ్రేకు లైటు స్విచ్చి. వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా లేదా ఎవర్నైనా చూడమనండి. ఆ తర్వాతే బ్యాటరీ: రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున్నే 12.6 దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. స్టార్టు చేసేటప్పుడు తొమ్మిదిన్నర కిందికి పడిపోతుంటే దాని పని అయిపోవచ్చింది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ అయితే ఇంకోటుంది. సైలెన్సరు దారిలోని డీపీఎఫ్ వడపోతలో చేరిన మసిని అప్పుడప్పుడు బండి తనే కాల్చుకుంటుంది, ఆ సమయంలో ఇంజను ఆగదు. ఊళ్ళోనే రెండేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ కాల్చుడు ఎప్పటికీ పూర్తికాదు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకి హైవే మీద ఒక్కసారి నిదానంగా పోయి వస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

ఇంతా చేసి మిగిలేదెంత? చిన్న పెట్రోలు ఇంజను ఊరికే తిరుగుతూ ఉంటే గంటకి సుమారు 0.7 లీటరు తాగుతుందనుకుందాం. హైదరాబాదులో రోజుకి అరగంట సిగ్నళ్ళ దగ్గర నిలబడేవాడికి 0.35 లీటరు, లీటరు 110 రూపాయలనుకుంటే 38 రూపాయలు. ఏడాదికి పదివేల పైన, అది డబ్బే. ఆళ్ళగడ్డలో రోజుకి రెండు నిమిషాలు నిలబడితే ఎక్కువ. ఏడాదికి తొమ్మిది వందలు. దానికోసం వేసే బ్యాటరీ మామూలుదానికన్నా రెండు మూడు వేలు ఎక్కువ. మా ఊరివాళ్ళకి ఇది నష్టపు బేరమే. కొన్నవాడికి వద్దనే హక్కు ఉండాలి, ఒకసారి వద్దంటే ఎప్పటికీ గుర్తుపెట్టుకోవాలి. చాలా బండ్లలో తాళం తిప్పిన ప్రతిసారీ బటన్ మళ్ళీ నొక్కాలి, ఎందుకంటే పరీక్ష లెక్కలో మార్కులు పడాలంటే అది మొదట్నుంచీ ఆన్‌లోనే ఉండాలి. 2025లో అమెరికా పర్యావరణ సంస్థ అధిపతి కూడా ఇది ఎవరికీ నచ్చట్లేదని బహిరంగంగా విసుక్కున్నాడు. వాళ్ళ రాజకీయం వాళ్ళది. హైదరాబాదువాడికి మాత్రం నేను దాన్ని తీసెయ్యమని చెప్పను, అక్కడ ముందు బండి పొగ పీల్చేది వెనక స్కూటరు మీదున్న పిల్లలు.

ఒకటి మాత్రం చేసి చూడండి. వాన పడి చల్లబడిన సాయంత్రం ఏసీ కట్టేసి, ఓ పది కిలోమీటర్లు నడిపి, చదునుగా ఉన్న చోట ఆగి, న్యూట్రల్ చేసి క్లచ్చి మీంచి కాలు తియ్యండి. అప్పుడు ఇంజను ఆగిందంటే ఇక గ్యారేజీకి వెళ్ళక్కర్లేదు.